అరణ్యయాత్రకు ముందు

యాత్ర యనగా బయలుదేరుటయే యని మనలో పెక్కుమంది తలంతురు. గడప దాటిన క్షణమునుండియే యాత్ర యారంభమగునని వారి నమ్మకము. అంతకుముందు జరుగు లెక్కలు, తూనికలు, పటములు, అనుమతిపత్రములు వట్టి తలనొప్పి యనియు, సాహసము కోరువానికి తగని గుమాస్తాపని యనియు యువకులు పలుకుట తరచుగా వినుచున్నాము. నా యభిప్రాయము దీనికి విరుద్ధము. వీపున మూటతో, దీర్ఘమైన కాలిబాటపై, ప్రాచీనారణ్యమునందు పలుదినములు నడువనెంచినవానికి ముందుగా చేసికొను ఏర్పాటే యాత్రలో మొదటి భాగము. మిక్కిలి బాధ్యత గల భాగమును అదియే. ఏర్పాటు లేక అడవిలో ప్రవేశించుట ధైర్యము కాదు. తన భారమును అడవిపైనను, తోడివారిపైనను, తన్ను వెదకి రక్షింపవచ్చువారిపైనను మోపుట. ఈ మాటను గాలిలో చెప్పి విడువక, ఒక్క బాటను ఉదాహరణముగా గైకొని నిరూపింప యత్నించెదను.

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్యమూలనున్న వాషింగ్టన్ రాష్ట్రమున రెయినియర్ అను అగ్నిపర్వతము కలదు. దాని యెత్తు 14,410 అడుగులు. శిఖరమునుండి నాలుగుదిక్కులకును మంచునదులు వ్రేలాడుచుండును. పాదములయొద్ద దట్టమైన అడవి. ఆ ప్రాంతపు ఆదిమజాతులవారు దానిని తహోమా మొదలగు పేర్లతో పిలుతురు. 1792లో ఆంగ్లనావికుడు జార్జి వాంకూవర్ తన మిత్రుడగు పీటర్ రెయినియర్ పేరు ఆ కొండకు పెట్టెను. ఆ రెయినియరే 1794 మొదలు 1805 వరకు ఆంగ్లేయుల తూర్పు ఇండియా నౌకాదళమునకు అధిపతియై మన సముద్రములలో తిరిగినవాడు. తన పేరు మోయుచున్న పర్వతమును మాత్రము ఆయన యెన్నడును చూడలేదు. 1899లో ఈ పర్వతమును, దాని చుట్టునున్న అడవిని జాతీయోద్యానముగా నేర్పరచిరి. 1915 నాటికి కొండచుట్టును కాలిబాట సిద్ధమైనది. దానికి వండర్‌లాండ్ ట్రెయిల్ అని పేరు. పొడవు 93 మైళ్లు, అనగా సుమారు 150 కిలోమీటర్లు. నేడు సియాటిల్ నగరపు పరిసరములలో నివసించు తెలుగువారు వేలకొలది గలరు. మబ్బులేని దినమున ఆ నగరమునుండియే ఈ కొండ వారికి కానవచ్చును. కావున ఇది మనకు కేవలము దూరదేశపు ముచ్చట కాదు.

గిరిప్రదక్షిణ మనునది మనవారికి క్రొత్త కాదు. విశాఖపట్టణమునొద్ద సింహాచలము కొండచుట్టును ఆషాఢమాసమున జనులు సుమారు 32 కిలోమీటర్లు కాలినడకను చుట్టివత్తురు. ఆ త్రోవపొడవునను దీపములు, దుకాణములు, మజ్జిగయు మంచినీళ్లును అందించు చేతులు కలవు. అలసినవాడు బండి యెక్కి యిల్లు చేరవచ్చును. రెయినియర్ ప్రదక్షిణము అట్టిది కాదు. సాధారణముగా దానికి 10 మొదలు 14 దినములు పట్టును. దారిలోని ఎక్కుడులన్నియు కూడినచో సుమారు 22,000 అడుగులు. పర్వతపు టెత్తునకు ఒకటిన్నర రెట్లు! లోయలోని అడవినుండి పచ్చికమైదానమునకు ఎక్కి, మంచునది యంచున నడచి, మరల అడవిలోనికి దిగి, మరల ఎక్కవలెను. కొన్ని చోట్ల తప్ప మనుష్యుల నివాసము గాని, రహదారి గాని తగులదు. రాత్రి చలిలో కప్పుకొనుటకు గుడ్డ మరచివచ్చినవానికి అరువిచ్చువారు లేరు.

ఇక ప్రాచీనారణ్య మననేమి? చెట్లున్న చోటెల్ల అడవి యనుట మన యలవాటు. కాని తోటమాలి నాటిన వరుస చెట్లకును, గొడ్డలి తగులక శతాబ్దములు పెరిగిన వనమునకును భేద మెంతయో కలదు. అమెరికా వాయవ్యభాగమున సుమారు 200 సంవత్సరములు దాటిన అడవిని సాధారణముగా ఈ కోవలో చేర్చుదురు. డగ్లస్ ఫర్, హెమ్లాక్, ఎర్ర సీడార్ అను మహావృక్షములు అందు ముఖ్యములు. ఈ ఉద్యానమున దాదాపు వేయేండ్ల వయస్సు గల చెట్లును కలవు. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు రాజ్యము చేసిన కాలమున అవి మొలకలై యుండెనని తలచినచో మన మనస్సునకు వాటి వయస్సు కొంత తెలియును. అట్టి అడవిలో ముసలిచెట్టు, నడివయస్సు చెట్టు, లేతమొక్క ఒక్కచోటనే యుండును. ఎండి నిలచిన మ్రాను వడ్రంగిపిట్టకును, గుడ్లగూబకును ఇల్లు. కూలిన మ్రాను నేలపై పడి, నాచు పట్టి, తేమను నిలిపి, తన వీపుననే క్రొత్త మొలకలను పెంచును. వరుసగా నిలచిన పెద్దచెట్లను చూచి, వాటి క్రింద ఒకప్పుడు ఒక తల్లిమ్రాను పడియుండెనని యెరిగినవారు చెప్పగలరు. ఒక పెద్దమ్రాను పూర్తిగా మట్టి యగుటకు శతాబ్దములు పట్టును. చచ్చినచెట్టు కూడ అక్కడ పనిలేని వస్తువు కాదు.

ఈ విధమైన అడవులు ఆ దేశపు వాయవ్యతీరమున ఒకప్పుడు విస్తారముగా నుండెడివి. 19వ శతాబ్దపు చివరనుండి 20వ శతాబ్దపు తుదివరకు కలపకొరకు వాటిలో అధికభాగము నరకబడినది. మిగిలినవి జాతీయోద్యానములవంటి రక్షితస్థలములలో మిగిలినవి. పాఠశాల కూలినచో తిరిగి కట్టవచ్చును; వంతెన కొట్టుకొనిపోయినచో ధనముండిన మరల నిర్మింపవచ్చును. వేయేండ్ల వృక్షమును కట్టగల తాపీమేస్త్రి యెక్కడను లేడు. పోయినది పోయినట్లే. యాత్రికుని యేర్పాటునకు ఇంత ప్రాముఖ్య మీయవలసిన కారణ మిదియే. అతడు త్రొక్కునది తిరిగి దొరకని సొత్తు.

ఈ సంగతి స్పష్టపడుటకు ఒక చిన్నపక్షి కథ చెప్పెదను. మార్బుల్డ్ మర్రెలెట్ అను సముద్రపక్షి కలదు. అది చేపలు పట్టుకొని జీవించును. కాని గ్రుడ్డు పెట్టుటకు సముద్రము విడిచి దూరముననున్న ప్రాచీనారణ్యమునకు ఎగిరిపోవును. ముసలిచెట్టుపై, ఎత్తున, నాచు దట్టముగా పట్టిన వెడల్పు కొమ్మను వెదకి, దానిపై ఒకే యొక గ్రుడ్డు పెట్టును. లేతచెట్లకు అట్టి కొమ్మ లుండవు. దాని గూడు ఎక్కడ నుండునో 1974 వరకు పండితులకే తెలియలేదు. ఆ సంవత్సరము కాలిఫోర్నియాలో ఒక చెట్టెక్కిన పనివానికి అది కనబడినది. 1992లో వాషింగ్టన్, ఆరిగన్, కాలిఫోర్నియా రాష్ట్రములలో ఆ పక్షిని ఆపదలోనున్న ప్రాణిగా ప్రభుత్వము ప్రకటించినది. అడవులు నరకుట దీనికి ముఖ్యకారణము. మరియొక కారణము వినుడు. బాటసారి రొట్టెముక్క తినుచు నేలపై రాల్చిన తునకలకు కాకిజాతి పక్షులు మూగును. తిండి దొరకిన చోటికి అవి మరల మరల వచ్చును. వచ్చి, పై కొమ్మపైనున్న ఆ ఒక్క గ్రుడ్డును కూడ తినివేయును. తునక రాల్చినవాడు గొడ్డలి పట్టలేదు, తుపాకి పేల్చలేదు. అయినను ఒక సంవత్సరపు సంతానము అతని చేతివ్రేళ్లనుండియే జారిపోయినది.

కనుక ఏర్పాటు యాత్రలోని యానందమును చంపునని చెప్పువారికి నా ప్రత్యుత్తర మిది. రేపు సాయంకాలము ఎక్కడ పండుకొందునో తెలియనివాడు ఈనాటి వృక్షమును నిలిచి చూడలేడు. నూనె చాలునో చాలదో యని చింతించువాడు పక్షికూత వినలేడు. వంతెన యున్నదో లేదో యెరుగనివాడు ప్రతి మలుపునందును భయముతోనే యుండును. ఏర్పాటు చేసికొనినవాడు చింతను ఇంటిలోనే ఖర్చుపెట్టి, మనస్సును ఖాళీగా నుంచుకొని అడవికి పోవును. పరీక్షకు చక్కగా చదివిన బాలుడు ముందురాత్రి సుఖముగా నిద్రించుటను మీరెరుగుదురు గదా! ఇదియు నట్టిదే.

ఏర్పాటులో మొదటిది కాలనిర్ణయము. రెయినియర్ బాట ఎత్తైన చోట్ల 6,800 అడుగుల వరకు పోవును. ఎత్తైన మలుపులలో మంచు సాధారణముగా జూలై నడుమవరకు నిలిచియుండును. అక్టోబరులో మరల కురియనారంభించును. కావున జూలై చివర మొదలు సెప్టెంబరు వరకు గల స్వల్పకాలమే నడకకు అనుకూలము. వేసవిసెలవులు మే నెలలో వచ్చుననుకొని బయలుదేరు మనవానికి అక్కడ బాటయే కానరాదు. కాలనిర్ణయము నెలతోనే ముగియదు, గడియారముతోడను పనిగలదు. మంచునదులనుండి పుట్టిన ఏరులు మధ్యాహ్నపు ఎండకు మంచు కరగుటచే ఉబ్బి, ఉదయమునకు తగ్గును. కర్రదుంగల వంతెనలు కొన్నిసార్లు ఆ ప్రవాహమునకు కొట్టుకొనిపోవును. అట్టి ఏరు దాటవలసిన దినమున వేకువనే బయలుదేరునట్లు లెక్క వేసికొనినవాడు వివేకి. మధ్యాహ్నము మూడుగంటలకు ఒడ్డున నిలిచి ధైర్యము ప్రదర్శించువానిని నేను మెచ్చను.

రెండవది దూరము. 93 మైళ్లను 10 దినములకు పంచినచో దినమునకు తొమ్మిది మైళ్లకు పైచిలుకు. కాగితముపై ఇది తేలికగనే కనబడును. కాని ఆ తొమ్మిది మైళ్లలో రెండువేల అడుగులు ఎక్కి, అంతే దిగవలెనని మరచిన లెక్క తప్పులెక్క. ఎక్కుట ఊపిరిని పరీక్షించును. దిగుట మోకాళ్లను పరీక్షించును. పటమును కేవలము పొడవుకొరకు గాక ఎత్తుపల్లములకొరకు చదువ నేర్చుకొనవలెను. జట్టులో బలవంతుని నడకను బట్టి గాక, బలహీనుని నడకను బట్టి దినపు దూరము నిర్ణయింపవలెను. మందగమనుని వెనుక విడిచిపోవు జట్టు జట్టు కాదు. వేరువేరు మనుష్యుల వరుస మాత్రమే. యాత్రకు కొన్ని మాసముల ముందునుండియే, అడవిలో మోయదలచిన బరువును వీపున మోయుచు, మెట్లును గుట్టలును ఎక్కి అభ్యసింపవలెను. చెప్పులు కరచుట ఇంటియొద్ద తెలిసికొనదగిన విషయము. ఐదవదినమున లోయలో తెలిసికొనదగినది కాదు.

మూడవది అనుమతి. దీనిని గూర్చియే వాదములు మెండు. ఈ బాటపై రాత్రి గడుపుటకు ఉద్యానపు అధికారుల యనుమతిపత్రము తప్పనిసరి. ఏ రాత్రి ఏ విడిదిలో నుండునో ముందుగనే నిర్ణయింపవలెను. విడిదికి ఇందరే యని లెక్క గలదు. సాధారణపు స్థలమున ఐదుగురికి మించి యుండరాదు. కోరువారు పెక్కురగుటచే చీట్లు తీసినట్లు తీసి వంతు లిత్తురు. కొంతభాగము మాత్రము అక్కడికి స్వయముగా వచ్చి యడుగువారికై విడిచియుంచుదురు. “అడవి అందరిదియు గదా, నడచుటకు సెలవు అడుగుట యేమి?” యని కొందరు కోపింతురు. అడవి అందరిదియు ననుమాట నిజమే. అందరిదియు గనుకనే ఒకనాడు ఒకచోట అందరును ఉండరాదు. ఊరిచెరువు అందరిది, అందుచేతనే నీరు వదలుటకు వంతులు పెట్టుకొందుము. వంతు తప్పినవాని పొలము తడిసిన, చివరి మడి ఎండును. అడవిలో చివరి మడి యనగా మన తరువాత రాబోవు తరమువారు.

అయితే ఈ పద్ధతిలో లోపము లేదనను. యంత్రముమీద నెలలముందు వేడుకొను విధానము, చదువును తీరికయు గలవారికి అనుకూలముగను, దినకూలితో బ్రతుకువానికి ప్రతికూలముగను నుండును. పది దినములు సెలవు దొరకుటయే కొందరికి అసాధ్యము. ఈ కారణముచేత వంతు పంచు పద్ధతిని బాగుచేయుమని యడుగుట న్యాయము. సంఖ్యానియమమునే తీసివేయుమనుట న్యాయము కాదు. త్రాసు తప్పుతూగుచున్నచో త్రాసును దిద్దుదుము గాని, తూచుటయే మానుకొనుము గదా. బాట మొత్తము నడువ వీలులేనివాడు ఒక్కదినమున లోయలోని వృక్షములక్రింద నడచి తిరిగివచ్చినను, ఆ అడవి అతనికి దక్కినట్లే.

నాల్గవది సద్దిమూట. నడచువానికి దినమునకు సుమారు ఒకటిన్నర మొదలు రెండు పౌనుల ఎండు ఆహారము కావలెను. పదిదినములకు రెండేసి పౌనుల చొప్పున 20 పౌనులు, అనగా తొమ్మిది కిలోగ్రాములు. మనిషి తన బరువులో అయిదవవంతునకు మించి మోయకుండుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు. 60 కిలోగ్రాముల మనిషికి ఆ లెక్కను 12 కిలోగ్రాములు. తొమ్మిది తిండికే పోయిన, గుడారమునకు, పడకకు, బట్టలకు, నీళ్లకు మూడే మిగులును, అది చాలదు. ఈ చిక్కునకు విరుగుడు గలదు. బాటలోని కొన్ని స్థలములకు ముందుగనే గట్టి డబ్బాలలో ఆహారము పంపి దాచియుంచుటకు ఉద్యానమువారు ఏర్పాటు చేసియున్నారు. అప్పుడు ఒక్కసారి మూడునాలుగు దినముల తిండి మోసిన చాలును. పొయ్యినూనె మాత్రము అట్లు పంపరాదు.

మన వంటిండ్లలోని కొన్ని వస్తువులు ఈ పనికి మిక్కిలి తగును. అటుకులు చన్నీళ్లలోనే నానును. నూనె ఖర్చు లేదు. పేలపిండియు, బెల్లమును, వేయించిన వేరుసెనగలును, ఖర్జూరములును బరువునకు మించిన బలమిచ్చును. కందిపొడి చిటికెడు చల్లిన చప్పిడి యన్నమునకు ప్రాణము వచ్చును. ఆవకాయ జాడీని మాత్రము ఇంటిలోనే విడిచిపెట్టుడు. నూనె కారుట, జాడీ బరువు అటుంచి, ఘాటైన వాసన ఎలుగుబంటిని సయితము పిలుచును. ఆ యడవులలో నల్ల ఎలుగులు కలవు. ఆహారమును, పండ్లపొడిని, సబ్బును కూడ రాత్రివేళ గుడారములో నుంచక, విడిదియొద్ద స్తంభముపై వ్రేలాడదీయుట గాని, గట్టి మూతగల డబ్బాలో దాచుట గాని చేయవలెను. మనుష్యుల తిండి మరగిన ఎలుగు తరచుగా ప్రాణము కోల్పోవును. తప్పు మనిషిది, శిక్ష మృగమునకు. పొట్లములు కట్టునపుడే ఒక్కొక్క పూటకు సరిపోవునంత విడివిడిగా కట్టినచో మిగులు లేదు, రాలుట లేదు, పైన చెప్పిన పక్షి గ్రుడ్డునకు ముప్పును లేదు. ఇంటిలో పొట్లము కట్టిన చేయియే అడవిలో గూటిని కాపాడును.

ఐదవది మూటలోని తక్కిన సామాను. సియాటిల్ నగరమున 1906లో స్థాపింపబడిన మౌంటెనీర్స్ అను పర్వతారోహకుల సంఘమువారు 1930వ దశకమున పది ముఖ్యవస్తువుల పట్టిక నొకదానిని బోధించిరి. నేటికిని దానిని చిన్నమార్పులతో లోకమంతట అనుసరించుచున్నారు. దారి చూపు పటమును దిక్సూచియు, దీపము, ఎండనుండి కాపుదల, గాయముల మందులు, కత్తి, నిప్పు, ఆచ్ఛాదనము, అదనపు తిండి, అదనపు నీరు, అదనపు వస్త్రములు అను నివి యిప్పటి పట్టికలోని సారము. జేబుయంత్రము దారి చూపునని పటమును విడుచుట తగదు; చలికి దాని శక్తి క్షీణించును, లోయలో సంకేత మందదు. వస్త్రములలో నూలును నమ్మరాదు. మన యెండలకు నూలు అమృతము. అక్కడి వానలో తడిసిన నూలు ఒంటివేడిని లాగివేయును. ఆగస్టు మాసమునందును చలిచే శరీరము కొయ్యబారి ప్రాణము పోవుట కొండలలో సంభవింపవచ్చును. ఉన్ని గాని, త్వరగా ఆరు కృత్రిమపుగుడ్డ గాని ధరింపవలెను. ఏటినీరు స్వచ్ఛముగా కనబడినను కాచియో వడకట్టియో త్రాగవలెను. మంచునదినీటిలో మెత్తని రాతిపొడి కలిసియుండి వడపోతను మూసివేయును. కావున తేటనీటి వాగు ఎక్కడ నున్నదో పటములో ముందే గుర్తించుకొనవలెను.

నిప్పు మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఆ బాటపై అడవివిడిదులలో కట్టెలమంట నిషిద్ధము. చలిమంట లేని అడవిరాత్రి యేమి రాత్రి యని యువకులు నిట్టూర్తురు. కాని కట్టెపుల్ల యని మన మేరు నదియే మొలకకు ఉయ్యెల యని యిదివరకు చూచితిమి. వేలకొలది జనులు తలా ఒక మోపు కాల్చినచో విడిది చుట్టును అడవి నేల బోడియగును. చిన్న నూనెపొయ్యి వెంట గొనిపోవుటయు, దానికెంత నూనె కావలెనో ఇంటియొద్దనే వండి చూచుకొనుటయు మర్యాద. అట్లే మలవిసర్జనకు విడిదిలోని మరుగుదొడ్డి వాడుట, అది దూరమైనచో నీటికి 200 అడుగుల యెడమున గుంట త్రవ్వి పూడ్చుట, చెత్తయంతయు తిరిగి మోసికొని వచ్చుట. ఇవి చెప్పుటకు సిగ్గుపడి, చేయుటకు మరచిన జట్లవలననే మంచి విడిదులు పాడగును.

ఆరవది తాజావార్త. సంవత్సరము క్రిందటి పుస్తకమును నమ్మి పోరాదు. 2006 నవంబరులో ఈ పర్వతముపై 36 గంటలలో దాదాపు 18 అంగుళముల వాన కురిసి, రోడ్లు, బాటలు, వంతెనలు తెగి, ఉద్యానము ఆరుమాసములు మూయబడినది. 1921లో కట్టిన ఫెయిర్‌ఫాక్స్ వంతెన బలహీనమగుటచే 2025 ఏప్రిల్‌లో శాశ్వతముగా మూయబడినది. కార్బన్ నదీలోయకును, మోవిచ్ సరస్సునకును బండ్లు పోవు త్రోవ అదియొక్కటియే. మోవిచ్ సరస్సు వండర్‌లాండ్ బాటపై నున్నది. పాతపుస్తకము చదివి అక్కడ స్నేహితుడు బండితో ఎదురుచూచునని తలచినవాని గతి యేమి? కావున బయలుదేరుటకు ముందుదినము వరకును అధికారులను అడిగి తెలిసికొనుట అవమానము కాదు.

ఏడవది, నా దృష్టిలో అన్నిటికన్న కష్టమైనది, తిరిగివచ్చుటకు ఏర్పాటు. ఏ పరిస్థితిలో ముందుకు పోమో ఇంటియొద్ద కూర్చుండి, కడుపు నిండియున్నపుడు, మనస్సు శాంతముగా నున్నపుడు నిశ్చయించుకొనవలెను. ఏరు మోకాలు దాటినచో దాటము; ఒకనికి జ్వరము వచ్చినచో అందరము దిగుదుము; ఇన్ని గంటలలోపల కనుమ చేరకున్న వెనుకకు మరలుదుము అని వ్రాసికొనవలెను. అలసటయు, అభిమానమును కలిసినచోట వివేకము పలుకదు. ఏ దినమున ఎక్కడ నుందుమో, ఏ దినమున తిరిగివత్తుమో, రాకున్న ఎవరికి తెలుపవలెనో ఇంటివారికి వ్రాసి యీయవలెను. వెదకవచ్చు వారును ఒక తల్లికి బిడ్డలే. మన యజాగ్రత్తచే వారిని రాత్రివేళ మంచులోనికి పిలుచు హక్కు మనకు లేదు.

ఇంత చెప్పిన పిమ్మట, ఏర్పాటు కూడ అతియగునా యని మీ రడుగవచ్చును. అగును. ప్రతి భయమునకును ఒక వస్తువు కొనువాని మూట కొండయగును. దినములో ప్రతి గడియకును పని వ్రాసినవాడు అడవిలో కూడ కచేరిగుమాస్తాయే. మంచి యేర్పాటుయొక్క గురుతు మూట తేలికగుట, దినములో ఖాళీ మిగులుట. ఏదైన వస్తువు చేతపట్టినపుడు “ఇది లేకున్న ప్రాణమునకు గాని, తోడివానికి గాని, అడవికి గాని చెరుపు గలదా?” యని ప్రశ్నింపుడు. లేదన్నచో ఇంటిలో విడువుడు. పదిదినములలో ఒక దినము నడకలేకుండ విడిచియుంచుడు. అది వానకు చెల్లినను చెల్లును. కాకున్న ఒక ముసలిచెట్టు మొదట కూర్చుండుటకు చెల్లును.

విద్యార్థులారా! మీలో ఎందరు రెయినియర్ చుట్టు నడతురో చెప్పజాలను. కొందరు ఉద్యోగమునకై ఆ దేశము పోవచ్చును. పెక్కురు మన కొండలలోనే, నల్లమలలోనో, పాపికొండలలోనో, పాఠశాల విహారయాత్రకు పోవుదురు. బాట ఏదియైనను ధర్మ మొక్కటియే. సెలవు కలిగిన చోటనే నడువుడు. కావలసినది మోయుడు, మోసినది తిరిగి తెండు. మందగాని నడకను నడువుడు. తినినచోట తునక రాల్చకుడు. వెనుకకు మరలుటకు సిగ్గుపడకుడు. మన మెవ్వరమును పుట్టకముందు మొలచిన చెట్టు, మన మందరము పోయిన తరువాతను నిలువవలసియున్నది. దాని నీడను ఒకరాత్రి గడుపుట మనకు దొరకిన యాతిథ్యము. పెద్దల యింటికి అతిథిగా పోవువాడు ముందు కబురు పంపి, తగిన వేళకు పోయి, ఇల్లు చెదరకుండ మెలగి, సెలవు గైకొని వచ్చును. అరణ్యయాత్రకు ముందు చేయు ఏర్పాటంతయు ఆ మర్యాదకు మరియొక పేరని నా దృఢాభిప్రాయము.